ఆ చోటుకు పేరేమిటి?

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు సంఘం ఆదివారం తరగతి జరిగే గదిలో ఒక పటం వేలాడుతోంది. శరీర భాగాలు. తల, నుదురు, చెవి, మెడ, భుజం, ఛాతీ, పొట్ట, తొడ, మోకాలు, పాదం. బరంపురం పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోనులో హిందీ. అందుకని ఒక్కొక్క భాగాన్నీ మూడు భాషల్లో చెప్పించడం నా అలవాటు. ఒక ఆదివారం ఏడేళ్ల పిల్లవాడు లేచి వచ్చి, బొమ్మ మీద పొట్టకూ తొడకూ మధ్య వేలు పెట్టి, "ఇక్కడ ఏమీ రాయలేదు టీచర్, దీన్ని ఏమంటారు?" అని అడిగాడు. వెనక వరసలో నవ్వులు. ఎవరో "షేమ్ షేమ్" అన్నారు. నేను చేతిలోని కర్రను మోకాలి మీదికి జరిపి తర్వాతి మాట చదివించాను.

ఆ కర్ర జరిపినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం. వాడు వెకిలితనంగా అడగలేదు. పటంలో ఖాళీ కనిపించింది, అడిగాడు.

పిల్లల భద్రత గురించి, వయసుకు తగిన శరీర జ్ఞానం గురించి మన తరగతుల్లో నాలుగు ఆదివారాలు కేటాయిద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కార్యవర్గ సమావేశంలో ఎంత రభస అయిందో మీకు తెలుసు. నేను ఆ ప్రతిపాదన వైపు ఉన్నాను. వద్దన్నవారిలో నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు కూడా ఉన్నారు కాబట్టి వారి మాటలను తేలిగ్గా తీసిపారేయను. ఆయన అడిగింది ఒక్కటే: "బడిలో చెబుతున్నారు కదమ్మా, మళ్లీ మనకెందుకు?" ఆ రోజు వచ్చిన అభ్యంతరాలన్నిటిలో ఆలోచించదగ్గది ఇదే.

బడిలో చెబుతున్నారు, నిజమే. అన్ని బళ్లలో కాకపోయినా కొన్నిటిలో. ఒడియా బడిలో "భల స్పర్శ, ఖరాప్ స్పర్శ" అని, ఇంగ్లీషు బడిలో "గుడ్ టచ్, బ్యాడ్ టచ్" అని. మన పిల్లలు రెండింటినీ ఎక్కాల్లా అప్పజెబుతారు. కానీ నిజంగా ఏదైనా జరిగిన రోజున పిల్ల చెప్పుకోవడానికి వచ్చేది ఇంటికి. అమ్మ దగ్గరికో, అమ్మ పనిలో ఉంటే అమ్మమ్మ దగ్గరికో. అమ్మమ్మకు ఒడియాలో కూరలు బేరమాడడం వచ్చు, అంతకుమించి రాదు. అక్కడ చెప్పాల్సింది తెలుగులో, ఆ తెలుగులో ఆ చోటుకు పేరు లేదు.

లేదంటే పూర్తిగా లేదని కాదు. ముద్దుపేర్లున్నాయి, ఇంటికొక రకం. పక్కింటివాళ్లకే అర్థం కావు, ఇక పోలీసులకేం అర్థమవుతాయి? బూతులున్నాయి, పిల్ల నోట వస్తే చెంప పగులుతుంది. "షేమ్ షేమ్" ఉంది. స్నానం చేయించి తువాలు చుట్టేలోపు పది సార్లు అంటాం. పత్రికల్లో "మర్మావయవాలు" ఉంది. మర్మమంటేనే పైకి చెప్పరానిది. ఈ సరుకు చేతికిచ్చి, "ఎవరైనా ఏమైనా చేస్తే అమ్మకు చెప్పు" అని ఆరేళ్ల పిల్లకు బుద్ధులు చెబుతున్నాం. ఏ మాటతో మొదలుపెట్టాలి ఆ పిల్ల? "షేమ్ షేమ్ దగ్గర" అనగానే మన నోట వచ్చే మొదటి మాట "ఛీ".

జరిగినదానికి పెద్దలం వాడే మాటలు ఇంకా ఘోరం. "పాడు చేశాడు" అంటాం. పాడైంది ఎవరు? పిల్ల. "మానభంగం" అంటాం. భంగమైంది ఎవరి మానం? పిల్లదే. "ఇంటి పరువు పోయింది" అంటాం, దాన్ని పోగొట్టింది కూడా పిల్లే అన్నట్టు. నేరం చేసినవాడికి ఈ మాటల్లో మరకే అంటదు. వరండాలో పెద్దలు ఇలా మాట్లాడుకుంటుంటే పక్కనే బొమ్మలతో ఆడుకుంటున్న పిల్ల వింటూనే ఉంటుంది. తనకు అలాంటిది జరిగితే దాన్ని ఎలా దాచుకోవాలో అప్పుడే నేర్చుకుంటుంది.

ఇక్కడికి మూడు గంటల దూరంలో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారు చేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతికి దండలు వేస్తున్నాం, ఉపన్యాసాలు ఇస్తున్నాం. నోట ఆడే మాటలో పాఠం చెప్పాలన్నది ఆయన పట్టు. మన పిల్లల ప్రాణానికి సంబంధించిన ఈ ఒక్క పాఠాన్ని మాత్రం పరాయి భాషల్లోనే చెప్పించుకుందాం అంటే పంతులుగారి దండ ఎందుకు?

చట్టం సంగతీ చెబుతాను, మాటతో దానికీ పని ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం పద్దెనిమిది నిండని ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లో గాని, పిల్ల కోరుకున్న చోట గాని నమోదు చేయాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారే చేయాలి. ఆమె యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట ఏ కారణం చెప్పీ పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండాలి. సరిహద్దులో బతికే మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి: అవసరమైతే వాంగ్మూలం తీసుకునేటప్పుడు గాని, కోర్టులో గాని అనువాదకుల సాయం తీసుకోవచ్చని చట్టం రాసిపెట్టింది. ఈ సంగతి తెలిసిన తెలుగు తల్లిదండ్రులు రాయగడలో, గుణుపురంలో, జయపురంలో ఎంతమంది? తెలిసినా, అనువాదకుడు పిల్ల అన్న మాటనే ఒడియాలోకి మార్చగలడు. పిల్ల అనలేని మాటను ఎక్కడి నుంచి తెస్తాడు?

"ఇది మన సంస్కృతి కాదు" అన్నవారూ ఉన్నారు. వీరి దగ్గర నాకు అంత ఓపిక లేదు. పదకొండేళ్ల పిల్ల పుష్పవతి అయితే పట్టుచీర కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి, మూడు వందల మందికి భోజనాలు పెడుతున్నాం. ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, ఇంటి పేరు. ఆ పిల్ల ఒంట్లో ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు, ఆ పిల్లకు తప్ప. ఇది సంస్కృతి, పటం మీద ఒక పేరు రాయడం మాత్రం సంస్కృతికి విరుద్ధం! మన చుట్టూ ఉన్న ఒడియావాళ్లను చూడండి. జూన్ నెల మధ్యలో రజ పండుగ వస్తుంది. భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి పట్టరు, ఆడపిల్లలకు పని చెప్పరు. ఉయ్యాలలు కడతారు, పోడపిఠా అనే పిండివంట వండుతారు. మన పిల్లలూ ఆ ఉయ్యాలలు ఊగుతున్నారు. ఆ ఉయ్యాల ఎందుకు కట్టారో ఏ తెలుగు ఇంట్లో అయినా పిల్లలకు చెప్పారా? నాకు నా పెళ్లయ్యాక పక్కింటి ఒడియా అత్త చెప్పింది.

పసితనం పోతుందన్న భయం వేరు. దాన్ని గౌరవిస్తాను. "లైంగిక విద్య" అన్న మాట వినగానే అయిదేళ్ల పిల్లలకు పడకగది సంగతులు చెబుతారేమో అనుకుంటారు. ఆ పేరే ఈ గందరగోళానికి సగం కారణం. 2018లో యునెస్కో సవరించి ప్రచురించిన మార్గదర్శకాల్లో వయసు వారీగా విభజన ఉంది: 5 నుంచి 8, 9 నుంచి 12, 12 నుంచి 15, ఆపైన. అయిదేళ్ల పిల్లకు మనం చెప్పాల్సింది చాలా కొంచెం. నీ ఒంట్లోని భాగాల పేర్లు ఇవి. స్నానం చేయించేటప్పుడు అమ్మ, జబ్బు చేస్తే అమ్మ పక్కనుండగా డాక్టరు తప్ప వీటిని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకుంటే నీ తప్పు కాదు. ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పు, నమ్మేదాకా చెప్పు. ఇందులో పసితనం పోగొట్టే మాట నాకైతే కనిపించలేదు. అయితే ఒక షరతుకు నేనూ ఓటు వేస్తాను: చూపించబోయే ప్రతి బొమ్మనూ, ప్రతి మాటనూ తల్లిదండ్రులకు ముందే చూపించాలి. బయటి నుంచి ఎవరో వచ్చి తలుపులు మూసి చెప్పి వెళ్లే పాఠం నాకూ వద్దు.

దేశంలో ఈ గొడవ కొత్తది కాదు. బడుల్లో ఈడొచ్చే పిల్లల కోసం 2005లో మొదలైన కౌమార విద్యా కార్యక్రమం మీద రెండేళ్లకే మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు కన్నెర్ర చేశాయి. 2009లో మన వెంకయ్య నాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని తేల్చింది. ఆ కొట్లాటంతా తొమ్మిది, పదకొండు తరగతుల పిల్లల కోసం తయారైన పాఠాల మీద. చిన్నపిల్లల రక్షణ ఊసు ఆ దుమ్ములో కలిసిపోయింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే ఈ విద్య ఉండాలని అభిప్రాయపడింది. ఇరవై ఏళ్లు తిరిగి మళ్లీ మొదటికొచ్చామన్నమాట.

మనం భయపడే చోటు కూడా తప్పే. మన ఊళ్లో రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి జాతరలో వేషాలు చూడడానికి వెళ్తే పిల్ల చేయి వదలం. చొక్కా జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెడతాం. జనంలో ఎవడో ఎత్తుకుపోతాడని. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. సగం సందర్భాల్లో ఆ పని చేసింది పిల్లకు తెలిసినవాడు, పిల్ల నమ్మినవాడు. అలా చెప్పిన పిల్లల్లో మగపిల్లలు 52.94 శాతం. ఈ చివరి అంకెను సమావేశంలో చదివినప్పుడు గది నిశ్శబ్దమైంది. "మగపిల్లాడికి ఏమవుతుంది" అన్నది మన ఇళ్లలో ప్రశ్న కూడా కాదు, నిశ్చింత.

కాబట్టి పాఠంలో "ఖరాప్ స్పర్శ" దగ్గర ఆగితే లాభం లేదు. సూది మందు నొప్పి పెడుతుంది, అది చెడ్డది కాదు. చాక్లెట్ ఇచ్చి ఒడిలో కూర్చోబెట్టుకుని చేసేది నొప్పి పెట్టకపోవచ్చు, అది మంచిది కాదు. పిల్లకు గుర్తు పట్టడానికి ఇంకా తేలికైనది ఒకటుంది. "ఇది మనిద్దరికే తెలియాలి, అమ్మకు చెప్పకు" అని ఎవరన్నా అంటే, అన్నది ఎవరైనా సరే, ఆ మాటను అమ్మకు చెప్పాలి. దీనికి బొమ్మలు కూడా అక్కర్లేదు. అలాగే, ఇంటికి వచ్చిన చుట్టానికి "మామయ్యకు ముద్దు పెట్టు" అని పిల్ల వీపు మీద చేయి వేసి తోయడం మానాలి. పిల్ల వద్దంటే వద్దు. మామయ్య నమస్కారంతో తృప్తి పడతాడు. పడకపోతే ఆలోచించాల్సిందే.

నా అసలు పట్టుదల ఇంకొక దాని మీద. పిల్లకు నాలుగు మాటలు నేర్పి, ఇక నిన్ను నువ్వే కాపాడుకో అని చేతులు దులుపుకోవడం దుర్మార్గం. ఆరేళ్ల పిల్ల నలభై ఏళ్ల మనిషిని ఎదిరించలేదు. ఎదిరించాల్సిన పరిస్థితి రాకుండా చూడాల్సింది మనం, మన సంఘంతోనే మొదలుపెట్టి. ఉగాది కార్యక్రమం రోజు వేదిక వెనక ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఒక దుప్పటి అడ్డం కట్టి పిల్లలకు కూచిపూడి దుస్తులు మారుస్తాం. ఫోన్లు పట్టుకుని ఎవరు పడితే వారు అటూ ఇటూ తిరుగుతారు. వచ్చే ఉగాదికి తలుపున్న గది కావాలి, తలుపు దగ్గర ఇద్దరు తల్లులు కావాలి, లోపలికి ఫోను వెళ్లకూడదు. తరగతి జరుగుతున్నప్పుడు గది తలుపు తెరిచే ఉండాలి. ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. నేనూ ఉండకూడదు. "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అని నొచ్చుకునేవారికి నా జవాబు: గుడి హుండీకి రెండు తాళాలు వేసి ఇద్దరి దగ్గర ఉంచినప్పుడు ఏ పూజారీ నొచ్చుకోలేదు.

జరగరానిది జరిగితే పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేయడం మన పాత అలవాటు. పోక్సో చట్టం కింద అది కుదరదు. నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. మన అధ్యక్ష కార్యదర్శులు ఈ వాక్యాన్ని రెండోసారి చదవాలని మనవి. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. పిల్లల సహాయవాణి 1098. మన క్యాలెండర్లో పంచాంగం పక్కన ఆ నంబరుకు చోటు దొరకకపోదు.

మాస్టారికి ఇవన్నీ ఇంటికి వెళ్లి చెప్పాను. కాసేపు ఊరుకుని, "పేరు రాయడమే అయితే ఏ పేరు రాస్తావమ్మా?" అన్నారు. శిశ్నం, యోని అన్నాను. "గ్రాంథికం," అన్నారు. నిజమే. కానీ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అన్న మాటలు కూడా బడిలో పది సార్లు పలికితేనే నోటికి అలవాటయ్యాయి. అంతకన్నా మంచి మాట, ఇంట్లో అమ్మమ్మ నోటా పోలీసు స్టేషన్లో పిల్ల నోటా ఒకేలా పలికే మాట దొరికితే ఇంకా సంతోషం.

పటం మీద ఆ ఖాళీలో తెల్ల కాగితం అతికించాను. వచ్చే ఆదివారం తల్లులతోపాటు అమ్మమ్మలనూ, నాయనమ్మలనూ తరగతికి తీసుకురండి. మాటలు వారి దగ్గరే ఉన్నాయి. నేతవీధి నుంచి ఒకావిడ ఇప్పటికే ఒకటి చెప్పింది, నవ్వకుండా, చాలా మామూలుగా. సంపాదకులు అచ్చు వేయరని ఇక్కడ రాయడం లేదు.