కెమెరాలకి చందా నేను ఇవ్వను

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ చందా మొదలైంది. ఇంకా కొన్ని సీసీ కెమెరాలు పెట్టాలంట, ఇంటికి ఇంతని వేసినారు. నేను ఇవ్వనని చెప్పినాను. "మీకు సేఫ్టీ అక్కర్లేదా మేడమ్?" అని ఒకాయన అడిగినాడు. గ్రూపులో రెండు ముక్కలు రాస్తే పది మంది పెడర్థాలు తీస్తారు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తా ఉండా. కాలనీ పేరు చెప్పను. ఎం.ఆర్.పల్లి చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఎటూ అర్థమవుతుంది. మిగతా వాళ్ళకి అవసరం లేదు, తిరుపతిలో ఏ కాలనీకి పోయినా ఇదే కథ.

కెమెరాలే వద్దని కాదు నేననేది. ముందు ఉన్నవాటి సంగతి చూడండి. పోయిన ఎండాకాలం మా వెనక వీధిలో దొంగలు పడినారు. ఇంటివాళ్ళు కూతురి దగ్గరికి బెంగళూరు పోయి ఉండారు. తెల్లారి గ్రిల్ గేటు తెరిచి ఉండేది చూసి అందరికీ చెప్పింది పాలబ్బాయి, కెమెరా కాదు. మగవాళ్ళంతా పోయి ప్రెసిడెంటు గారింట్లో కెమెరాల రికార్డింగు ఉండే డీవీఆర్ పెట్టె ముందర కూర్చున్నారు. ఒక కెమెరాకి వేపకొమ్మ అడ్డం. ఇంకోదానికి సాలెగూడు పట్టి, రాత్రయితే ఆ గూడే మెరిసి తెరంతా తెల్లగా కనిపిస్తా ఉంది. మూడోది బ్రహ్మాండంగా పనిచేస్తా ఉంది, కాకపోతే అది చూసేది మెయిన్ గేటు వైపు. వచ్చినోళ్ళు వెనక ఖాళీ సైటులో కంపచెట్ల మధ్య నుంచి వచ్చినారు. ఆ సైటు ఓనరు ఎక్కడో ఉంటాడు, దాన్ని కొట్టించమని అడిగే దిక్కు లేదు. వీటన్నిటికంటే అన్యాయం, డీవీఆర్‌లో గడియారం గంటకు పైగా వెనక నడుస్తా ఉంది. పెట్టించిన రోజు నుంచి దాని మొహం చూసినవాళ్ళు లేరు. చివరికి దొరికింది ఒకే ఒక్క బొమ్మ. మాస్కు, టోపీ పెట్టుకున్న మనిషెవరో నడిచిపోతా ఉండాడు. అది మా ఆయన అని చెప్పినా నమ్మొచ్చు.

ఆ ఇంటి తలుపు నేను దగ్గరికి పోయి చూసినాను. తాళంకప్ప మంచి కంపెనీది, చెక్కు చెదరలేదు. గొళ్ళెంతో సహా ఊడి గడప దగ్గర పడి ఉంది. గొళ్ళానికి బిగించిన స్క్రూలు అరంగుళం కూడా లేవు. అవి ఊడొచ్చిన చోట చెక్క పొడిపొడిగా రాలిపోయి, నాలుగు చిన్న బొక్కలు మిగిలినాయి. తాళానికి వేలకు వేలు పోస్తాం, ఆ తాళాన్ని పట్టుకోని ఉండే స్క్రూల గురించి వడ్రంగిని ఒక్క మాట అడగం. ఇనప కడ్డీ దూర్చి ఒక్క లాగు లాగితే చాలు. తలుపు అవతలి వైపు నుంచి నట్టూ బోల్టూ వేయించుకోండి, లేదంటే తలుపులోనే ఇమిడిపోయే తాళం పెట్టించుకోండి. బయట వేలాడే తాళంకప్ప ఇంకో పని కూడా చేస్తుంది. లోపల ఎవరూ లేరని రోడ్డున పోయేవాళ్ళందరికీ చెప్తుంది.

పోలీసులు వచ్చేలోగా ఏం జరిగిందో వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. బీరువాలో చీరలన్నీ దొంగలు నేలమీద పారేసి పోయినారు. మా వీధి ఆడవాళ్ళు పాపం ఆ ఇల్లు అట్లా చూడలేక, ఒక్కో చీర మడతపెట్టి మంచం మీద సర్దినారు. ఒకామె బీరువా తలుపు మీద మరకలు ఉండాయని తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచింది. ఇంకొకామె అందరికీ కాఫీ తెచ్చింది. వేలిముద్రలు తీసే క్లూస్ టీమ్ వాళ్ళు పౌడరూ బ్రష్షూ పట్టుకోని వచ్చి, ఆ మెరిసే బీరువాని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగలు పడిన ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదని, 112కి ఫోన్ చేసి గడప బయటే నిలబడాలని ఆ గుంపులో ఒక్కరికీ తెలీదు. ఏ కెమెరా ఎన్ని మెగాపిక్సెలో మాత్రం చిన్నపిల్లోడు కూడా చెప్తాడు.

ఆ ఇల్లు ఖాళీగా ఉందని దొంగలకి ఎవరు చెప్పుంటారని గ్రూపులో పెద్ద చర్చ. ఎవరూ చెప్పనక్కర్లేదప్పా. మన వైపు వాకిట్లో ముగ్గు లేదంటే ఇంట్లో ఆడమనిషి లేదని దోవన పోయేవాడికి ఎవుడికైనా తెలుస్తుంది. వాకిలి చిమ్మలేదు, కానుగాకు గేటు కింద పేరుకోని ఉంది, పేపర్లు వరండాలో పడి ఉండాయి. దొంగలు భయపడతారని బయట లైటు వేసిపోయినారంట, అది పట్టపగలు కూడా వెలుగుతానే ఉంది. ఎదురింటి వాళ్ళతో మాటల్లేవు, పార్కింగ్ గొడవ. మాటలుంటే ఆమె పొద్దునే తన వాకిలితో పాటు ఆ వాకిట్లో కూడా ఇన్ని నీళ్ళు చల్లి నాలుగు గీతలు గీసి ఉండేది. పేపరు తీసి లోపలికి వేసి ఉండేది. ఈ ఏర్పాటుకి కరెంటు అక్కర్లేదు, హార్డ్ డిస్కు అక్కర్లేదు.

ఇంక పౌర్ణమి వస్తే చూడాల మనవాళ్ళని. సగం వీధి అరుణాచలం బస్సెక్కుతుంది. గిరి ప్రదక్షిణ మొదలుకాక ముందే కుటుంబమంతా వరసగా నిలబడిన సెల్ఫీ స్టేటస్‌లో పడిపోతుంది. మీ నంబరు ఎవరెవరి ఫోన్లో ఉందో, వాళ్ళలో ఎవరెవరు మీ ఫోన్లో ఉండారో ఎప్పుడన్నా లెక్క చూసినారా? ఏసీ బాగుచేసిన అబ్బాయి, పాత అద్దెవాళ్ళు, పెళ్ళి వీడియో తీసినాయన. వాళ్ళు దొంగలని నేననను. మాటల్లో ఇంకొకరితో అంటారు, ఆ ఇంకొకరు ఎవరో మనకి తెలీదు. ఇంటికొచ్చినాక పెట్టుకోండి స్టేటస్సు. పుణ్యం ఏమీ తగ్గిపోదు.

గ్రూపులో రోజు మార్చి రోజు వచ్చే ఇంకో మెసేజీ ఉంది: "కొత్త ముఖాలు కనబడితే వెంటనే ఫోటో తీసి పెట్టండి." ఇది ఏ మహానగరంలోనో గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు రాసుకున్న రూలు, చేతులు మారి మన దగ్గరికి వచ్చింది. ఇది తిరుపతి సామీ! రోజూ అరవై వేలకు పైగా మనుషులు కొండకి పోయివచ్చే ఊరు. కొత్త ముఖాల మీదనే మన ఊరు బతుకుతా ఉంది. మా వీధిలోనే హోమ్‌స్టే అని బోర్డు పెట్టి, బోర్డు కూడా లేకుండా, రోజువారీ అద్దెకి ఇచ్చే ఇళ్ళు ఎన్నో. దర్శనం టైముకి పోవాలని అర్ధరాత్రి దాటినాక రెండు గంటలకి గేటు తీసుకోని పోతారు. పొద్దున జుట్టుతో చూసిన మనిషి సాయంత్రం గుండుతో తిరిగొస్తాడు, కెమెరా కాదు కదా కన్నతల్లి కూడా ఒక నిమిషం ఆలోచిస్తుంది. ఇట్లాంటి చోట కొత్త ముఖం అంటే ఏమని అర్థం? దిగినవాళ్ళ ఆధార్ కాపీ తీసుకుని రిజిస్టరులో రాయండి అంటే మాత్రం, "స్వామి దర్శనానికి వచ్చినోళ్ళని అనుమానిస్తే పాపం" అంటారు. బ్రహ్మోత్సవాలప్పుడు అద్దె రెండింతలు చేసేటప్పుడు ఆ పాపం గుర్తుకు రాదు. కెమెరాల చందాకి ముందుండి గొంతు చించుకునేది కూడా ఈ ఇళ్ళ ఓనర్లే. చిత్రం కదా.

మరి గ్రూపులో ఫోటోలు ఎవరివి పడతా ఉండాయి? పూసలు, పిన్నీసులు అమ్మే ఆమెవి. పాత ఇనప సామాను కొనే ముసలాయనవి. చేటలు, బుట్టలు తెచ్చే ఎరుకల ఆడోళ్ళవి. 1871లో తెల్లోళ్ళు ఒక చట్టం తెచ్చినారు, ఫలానా కులాల్లో పుట్టిన వాళ్ళు పుట్టుకతోనే నేరస్తులని. తర్వాత మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి ఎరుకల వాళ్ళకీ ఆ ముద్ర వేసినారు. స్వతంత్రం వచ్చినాక 1952లో దేశమంతా అది రద్దయింది. మా గ్రూపులో ఇంకా అమల్లోనే ఉంది.

ఇది ఉత్త మాటలతో పోయే సంగతి కాదు. 2018 ఎండాకాలంలో పార్థీ గ్యాంగ్ వచ్చిందని, పిల్లల్ని ఎత్తుకుపోతా ఉండారని ఫోన్లలో తిరిగిన వీడియోలు మరిచిపోయినారా? ఆ మే నెలలోనే, మనవాళ్ళు ప్రతి పౌర్ణమికీ పోయే ఆ తిరువణ్ణామలై జిల్లాలోనే, కులదైవం గుడికని చెన్నై నుంచి వచ్చిన పెద్దావిడ దోవలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చింది. అంతే. పిల్లల్ని పట్టే మనిషనుకోని ఊరు ఊరంతా మీదపడి కొట్టి చంపేసినారు. గుడికొచ్చిన అవ్వ. నిజంగా దొంగే దొరికినా కరెంటు స్తంభానికి కట్టేసి తలా ఒక దెబ్బ వేసే హక్కు మనకి లేదు. కళ్ళముందర పెద్ద నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి పట్టుకోవచ్చు గానీ ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపల పోలీసులకి అప్పజెప్పాల, కొత్త చట్టంలో అట్లానే ఉంది. కొడితే మన మీద కేసు.

ఇప్పుడు నాకు నిజంగా కడుపు మండే విషయానికి వస్తా. మా మలుపులో కానుగ చెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉండేది. పొద్దున బొగ్గులు రాజేసిన కాడినుంచి రాత్రి ఎనిమిది దాకా ఆయన అక్కడే. బట్టలమీద చెయ్యి, రోడ్డు మీద కన్ను. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరి పాప ఎన్ని గంటలకి ట్యూషన్ నుంచి వస్తుంది, అన్నీ ఆయనకి తెలుసు. నంబరు ప్లేటు లేని బండి ఒకటి మా వీధిలో రెండు మూడు చుట్లు తిరిగితే ఆయన పెట్టె పక్కన పెట్టి, "ఎవురు కావాల అబ్బోడా? యా ఇల్లు?" అని గట్టిగా కేకేసినాడు. ఆ కేకకి వరండాల్లో ఇద్దరు ముగ్గురు తొంగి చూసినారు. బండి మళ్ళీ రాలేదు. ఇట్లాంటిది ఏ రికార్డులోనూ ఎక్కదు, జరగని దొంగతనానికి ఎఫ్ఐఆర్ ఉండదు కదా.

అసోసియేషన్ వాళ్ళు సెక్యూరిటీ పేరు చెప్పి ఆ బండి తీయించినారు. కాలనీ ముఖద్వారానికి లుక్కు పోతుందంట. పూలమ్మే ఆమెని కూడా పొమ్మన్నారు. ఇప్పుడు ఏడు గంటలకే ఆ మలుపు నిర్మానుష్యం. వీధిలైటు మాడిపోయి ఎంత కాలమైందో, చెప్పుకున్న చోటల్లా "రాసుకున్నాం" అన్నారు. ఆ చీకట్లోనే మా టీచరమ్మ మెడలో గొలుసు లాక్కోని పోయినారు, అడ్రసు అడిగే వంకతో. కెమెరా చూసింది. చూసి ఏం చేస్తుంది?

ఆమె స్టేషన్‌కి పోతే అది తమ లిమిట్స్ కాదని ఇంకో చోటికి పంపినారు. అందుకే ఇది గుర్తు పెట్టుకోండి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఫోన్లోనో మెయిల్లోనో పంపినా తీసుకోవాల, మనం మూడు రోజుల్లోపల పోయి సంతకం పెట్టాల. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాల. మేం తీసుకోం అంటే ఎస్పీకి రాసి పంపొచ్చు. గొలుసు లాక్కోవడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 304 కింద విడిగా నేరం, మూడేళ్ళ దాకా శిక్ష. మీ నగల బిల్లులు, ఫోటోలు ఒకచోట పెట్టుకోండి. రికవరీ అయినా అది మనదే అని చూపించడానికి అవే కావాల.

"ఇస్త్రీ ఆయనే దొంగలకి సమాచారం ఇస్తే?" అని మా కోశాధికారి గారు అడిగినారు. ఇవ్వొచ్చు సార్. వాచ్‌మన్ ఇవ్వొచ్చు, అద్దెకున్నోళ్ళు ఇవ్వొచ్చు, మీ సొంత బావమరిది ఇవ్వొచ్చు. పేరు, ఊరు తెలిసి, కొడుకు ఏ కాలేజీలో చదువుతాడో కూడా తెలిసి, ఏళ్ళ తరబడి ఒకే చెట్టు కింద బతికిన మనిషికి పోగొట్టుకునేది చాలా ఉంటుంది. నెలకొకసారి మారే ఏజెన్సీ గార్డుకి ఏముంది? అతని పేరు మీకు తెలుసా?

మన తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చాటింపు పడినాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదంటారు కదా. ఎవరెంత పాటిస్తా ఉండారో గానీ, ఆ వారం మా వీధిలో తాళం పడిన ఇల్లు కనబడదు. అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు అరుగు మీద ఉంటారు. ఆడోళ్ళని చెరబట్టే పాలెగాడి కోసం అమ్మ వేషాలు మార్చుకుంటా వీధి వీధీ తిరిగిందని చెప్పుకునే ఊరు మనది. ఆమె కెమెరా లాగా స్తంభమెక్కి కూర్చోలేదు.

తాళం వేసిపోయే వాళ్ళకి పోలీసుల ఏర్పాటు ఒకటి ఉంది, ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు, వచ్చి ఏళ్ళయింది. ఊరికి పోయే ముందు చెప్తే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టిపోతారు, లోపల మనిషి కదిలితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. డబ్బులడగరు. మా కాలనీలో అడిగి చూడండి, "పోలీసోళ్ళకి మన ఇల్లు చూపిస్తామా!" అంటారు. ఫోన్లో వచ్చే దొంగల సంగతి ఇంకో పోస్టు అవుతుంది. పిల్లలు అమెరికాలో ఉండే పెద్దవాళ్ళకి మాత్రం ఇప్పుడే చెప్పండి, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, డబ్బు పోయిన మరుక్షణం సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాల, సిగ్గుపడి మరుసటి రోజు దాకా ఆగకూడదు.

వచ్చే పౌర్ణమికి మా వీధిలో అరుణాచలం పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే నాకు చెప్పి పోండి. వాకిలి చిమ్మి ముగ్గు వేస్తా, పాల ప్యాకెట్ తీసి పెడతా. ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో పెట్టొద్దు. మేము ఈసారి పోవడం లేదు, మా ఆయనకి మోకాళ్ళ నొప్పి.