సాయంత్రం సంతకం కూడా పొద్దునే పెట్టేయండి

కంపెనీలకు చట్టం మీద భక్తి పుట్టేది మా తిరుపతిలోనే. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ ఫైనాన్సు వాళ్లను బస్సులో తెచ్చి దింపి, ఇంటర్నల్ కంట్రోల్స్ మీద, అంటే డబ్బు లెక్కల్లో మోసాలూ తప్పులూ జరక్కుండా కంపెనీ లోపల పెట్టుకునే కట్టుబాట్ల మీద, రెండు రోజుల శిక్షణ అంటారు. మొన్న మా కంపెనీ వంతు. ఊరివాణ్ని కాబట్టి దర్శనం టికెట్ల పని నాకు అంటగట్టారు.

రేణిగుంట రోడ్డు హోటల్లో తొమ్మిదిన్నరకు హాజరు పట్టీ వచ్చింది. ఉదయానికో గడి, సాయంత్రానికో గడి. "రెండూ ఇప్పుడే పెట్టేయండి సార్, మళ్లీ ఎవర్నని వెతుక్కునేది" అన్నాడు హెచ్‌ఆర్ అబ్బాయి. పెట్టేశాం. అప్పటికే కొండకు పోయిన ముగ్గురివి పక్కవాళ్లు పెట్టారు. ఒకాయన సంతకమైతే ఒకే వరసలో రెండు రకాలుగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి హాల్లో మిగిలింది పదకొండు మంది. తెర మీద స్లైడు: 'జరగని పనికి ముందే సంతకం చేయరాదు.' పదకొండు మందిమీ బుద్ధిగా రాసుకున్నాం.

మా డైరెక్టరు గారిది మూడింటి దర్శనం స్లాట్. ఫోన్ డిపాజిట్ చేసి క్యూలో నిలబడ్డారు. సరిగ్గా 4.40కి ఆయన లాగిన్‌తో పదకొండు లక్షల పేమెంటు ఆమోదం పొందింది! స్వామి మహిమ అనుకునేరు. ఆయన పాస్‌వర్డు మా గుమాస్తా మానిటర్‌కు అంటించిన పసుపు చీటీ మీద ఉంటుంది. వోచరు రాసేదీ అతనే, ఆమోదించేదీ అతనే. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి, దాన్ని ఆపడానికి వీల్లేదు. పాపం, అది చేసింది. అబద్ధాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టింది.

కొండ మీద పరకామణిలో కానుకలు లెక్కపెట్టేవాళ్లను జేబుల్లేని పంచెలతో కూర్చోబెడతారు. అలాంటి చోటే 2023లో ఒకరు డాలర్లతో దొరికారు. మావాళ్లకు ప్యాంటుకే నాలుగు జేబులు.

2008లో సత్యం కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కని, అంటే కంపెనీని పద్ధతిగా నడుపుతున్నందుకని, గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది, 7,000 కోట్ల పైచిలుకు లెక్కలు ఉత్తవని. లేని డబ్బు బ్యాంకులో ఉందని ఏళ్ల తరబడి సంతకాలు పెట్టినవాళ్లకు ఏ శిక్షణ తక్కువైందట? ఆ తర్వాత 2013 కంపెనీల చట్టం వచ్చింది. లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో షేర్లున్న) కంపెనీ డైరెక్టర్లు 'మా కంట్రోల్స్ బాగా పనిచేస్తున్నాయి' అని ఏటా రాసివ్వాలి. అంటే ఇంకో సంతకం.

పోయినేడాది మా ఆఫీసులో ఒక కుర్రాడు బిల్లు లేని వోచరు పాస్ చేయనన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. "వీడు అడ్జస్ట్ అవడు" అని స్టోర్సులో పడేశారు. ఈ శిక్షణకూ పిలవలేదు. సిగ్గుండాలి! మన దగ్గరున్న ఒకే ఒక్క కంట్రోల్ వాడేనయ్యా, వాణ్ని సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోమని పంపి, ఇక్కడ ఏసీలో స్లైడ్లు చూస్తున్నారా?

రెండో రోజు సర్టిఫికెట్లు పంచారు. కొండకు పోయిన ముగ్గురివీ నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. వాళ్లు తలా ఒక లడ్డూ తెచ్చిచ్చారు. దానికి మాత్రం టోకెన్ చూపించందే చేతికివ్వలేదట.