సవరణ: థర్మోస్టాట్ మారిస్తే కాళ్లకు తగిలే వేడి తగ్గదు

పెద్ద టూరింగ్ బైకుల వేడిపై రాసిన గత టపాలో, తక్కువ ఉష్ణోగ్రతకే తెరుచుకునే థర్మోస్టాట్ వేయిస్తే ట్రాఫిక్‌లో కాళ్లు కాలవని ఉంది. ఆ వాక్యం తీసేశాను. చల్లటి ఇంజిన్‌ను త్వరగా వేడెక్కనిచ్చి, ఆపై కూలెంట్‌కు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి, రేడియేటర్ వైపు దారి తెరవడమే థర్మోస్టాట్ పని. ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా కాగినప్పుడు అది ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. ఇక ఆ ద్రవాన్ని చల్లార్చే భారమంతా రేడియేటర్‌ది, ఫ్యాన్‌ది.

పైగా మోకాళ్లను మాడ్చేవి ఎగ్జాస్ట్ గొట్టమూ, ఫ్యాన్ వెనక్కి నెట్టే వేడిగాలీ. కాబట్టి ఖర్చు పెట్టే ముందు టార్చి వేసి రేడియేటర్ రెక్కల మధ్య చూడండి. ఎండిన బురద, పురుగులు ఇరుక్కుంటే మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీటిధారతో తీయండి. ప్రెషర్ వాషర్ జోలికి మాత్రం వెళ్లవద్దు, రెక్కలు వంగిపోతాయి. ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) లోపలి ఫోమ్ ఊడిందేమో కూడా చూడండి. ఆ సందులోంచే వేడిగాలి తొడలకు కొడుతుంది.

గాలితోనే చల్లబడే ఎయిర్‌కూల్డ్ బండ్లకు కూలెంట్, రేడియేటర్ ఉండవు కాబట్టి, వాటి గురించి చెప్పినవి వర్తించవు.