మూడో కోరుకు దిక్కెవరు?

మా ఇంట్లో దారుణమైన వివక్ష జరుగుతోంది, అదీ నా టేబుల్ కిందే. కంప్యూటర్ చిప్పులో ఎనిమిది కోర్లున్నాయి, అంటే పని పంచుకుని చేసే ఎనిమిది బుర్రలు. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన ఐదు నిమిషాలకి మూడో కోరు 84 డిగ్రీల్లో ఉడికిపోతోంది. చివరనున్న ఏడోది మాత్రం 73 దగ్గర అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కాళ్లు చాపుకుని కూర్చుంది. (లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆ సున్నా కోరు మనోభావాల సంగతి ఇంకోసారి.) ఒకే చిప్పు, ఒకే ఫ్యాను, ఒకే కరెంటు బిల్లు. మరి ఈ 11 డిగ్రీల తేడా ఏమిటి?

ఏకసభ్య కమిషన్ వేశాను. సభ్యుణ్ణి నేనే.

మొదటి సాక్షి సెన్సర్. ఇంటెల్ చిప్పులో అది ఎంత వేడి ఉందో చెప్పదు, చిప్పుకి పెట్టిన గరిష్ఠ వేడికి ఇంకా ఎన్ని డిగ్రీలుందో చెబుతుంది. 'దిగాల్సిన ఊరు ఇంకా పాతిక కిలోమీటర్లు' అనే కండక్టర్‌లాగా. ఇప్పుడెక్కడున్నామో మనమే లెక్కేసుకోవాలి. గరిష్ఠం దగ్గరపడితే నిజమే చెబుతుంది కానీ, చల్లగా ఉన్నప్పుడు దాని మాట నమ్మడానికి లేదు. పనేమీ లేని వేళ ఒక కోరు 29, పక్కది 36 అని చూపిస్తే నేను రెండు రాత్రులు నిద్రపోలేదు.

తర్వాత స్థలపరిశీలన. మూడో కోరుది జనరల్ బోగీలో నలుగురి మధ్య ఇరుక్కున్నవాడి బతుకు. అన్ని పక్కలా చెమటే. ఏడోదానికి కిటికీ సీటు దొరికింది. పైగా కొన్ని చిప్పుల్లో మెరుగైన కోరు ఏదో గుర్తించి, ఒక్క కోరుతో అయ్యే ముఖ్యమైన పనుల్ని ముందు దానికే అంటగట్టే ఏర్పాటు కూడా 2016 నుంచి ఉంది. పనిచేసేవాడికే పని చెబుతారన్నది ఆఫీసుల్లోనే అనుకున్నాను.

ఇక పేస్టు, అంటే చిప్పు వేడిని పైకి దాటించడానికి మధ్యలో పూసే మెత్తటి ముద్ద. ఈ తగాదా పాతదే. 2012లో ఐవీ బ్రిడ్జ్ చిప్పుల మూత కింద ఇంటెల్ టంకానికి బదులు పేస్టు పూస్తే, జనం బ్లేడు పెట్టి మూతలే ఊడదీశారు. నాకంత ధైర్యం లేదు. మూత పైనున్న కూలర్ (ఆ వేడిని లాగేసే ఫ్యాను సరంజామా) మాత్రం విప్పాను. షాపులో బిగించిన కుర్రాడు పేస్టు ఒక మూలకే పెట్టి, రెండో మూలని దేవుడికి వదిలేశాడు. ఫోన్ చేస్తే "వేడెక్కితే అదే సర్దుకుంటుంది సార్" అన్నాడు. తుడిచి, బఠాణీ గింజంత పేస్టు నడిమధ్య పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. మూడోది 78కి దిగింది. ఏడోది 72.

ఇంకా 6 డిగ్రీల అన్యాయం మిగిలే ఉంది. కమిషన్ గడువు ఆరు నెలలు పొడిగించాను.