మహారాజశ్రీ ‘కానీ’ గారికి

అయ్యా,

నిన్న ఆదివారం మా శాంతి కమిటీ మీటింగుకి తమరు పిలవకుండానే వేంచేసినందుకు కృతజ్ఞతలు. ఉక్రెయిన్ యుద్ధం మీద ఒకే ఒక్క వాక్యం రాద్దామని నాలుగింటికి కూర్చున్నాం. ఏడయింది. మిర్చి బజ్జీలు చల్లారి మెత్తబడ్డాయి, వాక్యం మాత్రం తెమల్లేదు.

“రష్యా దాడిని ఖండిస్తున్నాం” అని రాశాను. చుక్క పెట్టేలోపే తమరు వచ్చి పక్కన కూర్చున్నారు. “ఖండిస్తున్నాం, కానీ నాటో విస్తరణ...” అమెరికా సైనిక కూటమి నాటో రష్యా వైపు పెరుగుతూ వచ్చిన సంగతి నాకూ తెలుసు. దాని మీద వేరే తీర్మానం రాయండి, సంతకం పెడతాను.

2003లో తమరు సెలవులో ఉన్నట్టున్నారు. అమెరికా ఇరాక్ మీద పడ్డప్పుడు ఇదే గదిలో టీ వచ్చేలోపు తీర్మానం అయిపోయింది. “సద్దాం నియంత, కానీ...” అని ఎవరన్నా నసిగితే మీద పడిపోయేవాళ్లం. సరిగ్గానే చేశాం. మరి ఉక్రెయిన్‌లోని మరియుపోల్?

2022 మార్చి 16. ఆ ఊరి డ్రామా థియేటర్లో వందలమంది తలదాచుకున్నారు. బయట నేల మీద, ముందు వైపూ వెనక వైపూ, ‘పిల్లలు’ అని తెల్లగా రాశారు. ఆకాశంలోంచి కనబడేంత పెద్ద అక్షరాలు. అదీ రష్యన్‌లో, విమానం నడిపేవాడు చదువుకోవాలని. అయినా బాంబేశారు. ఇది మీటింగులో చెప్పాను. ఒక పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, “దారుణమే. కానీ...” అన్నారు.

ఆ ‘కానీ’ తర్వాత ఏముంటుందయ్యా? ఏం చెప్తే ఆ అక్షరాలు చెరుగుతాయి? సిగ్గు లేదూ నీకు?

అవతలి వాళ్లూ నీకు చుట్టాలే. ప్రొఫైల్ ఫోటోకి ఉక్రెయిన్ జెండా నీలం, పసుపు పూసుకున్నవాళ్లు గాజా అనగానే నిన్నే కేకేశారు. మన టీవీలకైతే మెడిసిన్ పిల్లలు శంషాబాద్‌లో దిగగానే ఉక్రెయిన్ యుద్ధం అయిపోయింది. సూడాన్ యుద్ధం దగ్గర నీకు పనే దొరకలేదు. ఎవడన్నా నోరు తెరిస్తే కదా!

నేనూ నిప్పునేం కాదు. 2018 ఆగస్టులో యెమెన్‌లో సౌదీ కూటమి బాంబు బస్సు మీద పడి 40 మంది పిల్లలు పోయారు. బావమరిది రియాద్‌లో ఉద్యోగం. “ఘోరం, కానీ మనకెందుకు” అని ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ రోజు నా నోట్లో ఉన్నది నువ్వే.

వచ్చే ఆదివారం మళ్లీ నాలుగింటికి మీటింగు. నేను మూడున్నరకే వెళ్లి ఆ వాక్యం రాసి, చుక్క పెట్టి, కింద సంతకం చేసి కూర్చుంటాను. నువ్వు తీరిగ్గా రా. బజ్జీలు తిని పో.

ఇట్లు,
నిన్ను చాలాసార్లు వాడుకున్నవాడు