ముసుంను చూసి నవ్వింది చాలు, ఇక వినాలి

బ్రెజిల్‌లో టీవీ హాస్యనటుడు ముసుం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది చేతిలో గ్లాసు, మొహం నిండా నవ్వు, మందు కోసం తహతహలాడే నల్లజాతి మనిషి. చనిపోయి మూడు దశాబ్దాలు దాటినా ఈ బొమ్మ చెరగలేదు. ఆయన చుట్టూ అల్లిన జోకులు జాత్యహంకారమా, కాదా అన్న వాదన కూడా తెగలేదు. నా వరకు అదెప్పుడో తేలిపోయింది. ముమ్మాటికీ జాత్యహంకారమే. నన్ను కలవరపెట్టేది వేరే. ఆ గొడవలో పడి దేశం ఒక గొప్ప వాద్యకారుణ్ణి మరిచిపోయింది.

జీవితకథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్పుకుందాం. అసలు పేరు అంతోనియో కార్లోస్ బెర్నార్దెస్ గోమెస్. 1941లో రియో డి జనీరో ఉత్తర భాగంలో, కొండవాలు మీది ఓ పేదల వాడలో పుట్టాడు. ఇళ్లల్లో పాచిపని చేసే తల్లికి అక్షరాలు నేర్పింది ఈ కొడుకే. వైమానిక దళంలో ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ తర్వాత నలుగురు హాస్యగాళ్ల త్రపల్యోయిస్ బృందం, 1977 నుంచి గ్లోబో టీవీలో ఆదివారం సాయంత్రాలు, థియేటర్లకు పోటెత్తిన పిల్లలు. 1994 జులైలో గుండె మార్పిడి జరిగింది. అదే నెల 29న కన్నుమూశాడు. అప్పటికి 53 ఏళ్లు.

టీవీకి ముందు ఆయన ఒరిజినైస్ దో సాంబా అనే బృందంలో రెకో-రెకో వాయించేవాడు. 1968 సాంబా పోటీలో ఎలిస్ రెజీనా పాడి మొదటి బహుమతి గెలిచినప్పుడు ఆమె వెనక ఉన్నది ఈ బృందమే. రెకో-రెకో చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. లోహం మీద బిగించిన స్ప్రింగులు, వాటిని గీకడానికి ఓ సన్నటి కడ్డీ, అంతే. పాటను మోసే బరువు పెద్ద డోలుది. రెండు దెబ్బల మధ్య మిగిలిన సందులో కరకరమంటూ దూరడం దీని పని. చెయ్యి వెంట్రుకవాసి ముందు పడినా, వెనక పడినా పాట ఊపు చచ్చిపోతుంది.

ఇప్పుడు త్రపల్యోయిస్ పాత స్కిట్ ఏదైనా పెట్టుకుని చూడండి. దీదీగా రెనాతో అరగావ్ గడగడా మాట్లాడుతుంటాడు. పక్కన దెదే, జకరియాస్ కంగారుగా అటూ ఇటూ కదులుతుంటారు. ముసుం మాత్రం కదలడు. కళ్లు ఓ పక్కకు తిప్పుతాడు, ఒక్క క్షణం ఆగుతాడు, అప్పుడు ఒకే ఒక్క ముక్క విసురుతాడు. హాలు ఘొల్లుమంటుంది. మాటల చివర 'ఇస్' తగిలించడం ఆయన యాస, అలా చేయమని సలహా ఇచ్చింది మరో హాస్యనటుడు షికో అనీజియో అంటారు. సలహా ఎవరిదైతేనేం, దాన్ని తాళంలో కూర్చోబెట్టింది సాంబాలో నలిగిన చెయ్యి. ఆయన కామెడీ టైమింగ్ అని మెచ్చుకునేదంతా వాద్యం దగ్గర నేర్చిన విద్యే అని నా గట్టి నమ్మకం.

అవతలివాళ్ల మాటా వినాలి కదా. ఆ కాలం వేరంటారు. దీదీని ఈశాన్య ప్రాంతపోడని, జకరియాస్‌ను ఆడంగి అని కూడా వెక్కిరించారు, ముసుం కూడా వాళ్లతో కలిసి నవ్వాడు కదా అంటారు. ఆ రోజుల్లో నల్లవాళ్లు నొచ్చుకునేవారు కాదని అరగావే 2015లో ఓ ఇంటర్వ్యూలో అన్నాడు.

నొచ్చుకోకపోతే తిప్పికొట్టడం దేనికి? రంగు మాట ఎత్తినవాడికి 'అది నీ గతం' అనే అర్థమొచ్చే జవాబు ముసుం నోట ఊతపదంలా ఉండేది. జనం దాన్ని కూడా పంచ్‌గానే తీసుకున్నారు. ఇక అందరినీ సమానంగా వెక్కిరించారన్న వాదన డబ్బు దగ్గరికొచ్చేసరికి తేలిపోతుంది. ఈశాన్యం మీద జోకులు వేయించుకున్న అరగావ్ ఈశాన్యం మనిషే, కానీ నిర్మాణ సంస్థ ఆయన చేతిలో ఉంది. 1983లో మిగతా ముగ్గురూ పంపకాలు నచ్చక బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నారు. తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి దెముజా అని పేరు పెట్టుకున్నారు. ఆ తిరుగుబాటు కొద్ది నెలలే నిలిచింది, మళ్లీ పాత గూటికే చేరారు. తన మీద జోకు వేయించుకుని లాభం తీసుకునేవాడూ, జీతం తీసుకునేవాడూ ఒకటెలా అవుతారు?

అందుకే 2023 జనవరిలో బ్రెజిల్ చేసిన చట్ట సవరణను నేను గట్టిగా సమర్థిస్తాను. జాతి పేరుతో చేసే అవమానాన్ని అది జాత్యహంకార నేరం కిందికి తెచ్చింది. ఆ నేరం సరదా కోసమో, వినోదం కోసమో చేస్తే శిక్షను మూడో వంతు నుంచి సగం దాకా పెంచమంది. అంటే 'తమాషాకి అన్నాంలే' అనే సాకు కేసును తేలిక చేయదు, బరువు పెంచుతుంది. 1888 దాకా, అమెరికా ఖండాల్లో అందరికంటే చివరిదాకా, బానిసత్వాన్ని వదలని దేశం ఇది. తమ దగ్గర జాతి వివక్షే లేదని దశాబ్దాల పాటు గొప్పలు చెప్పుకున్నదీ ఇదే. అలాంటి దేశంలో ఆ మాత్రం కఠినత్వం కావాలి. హాస్యం చచ్చిపోతుందని గుండెలు బాదుకునేవాళ్లు ముసుం స్కిట్లలోంచి రంగు జోకులు తీసేసి చూడాలి. ఆయన ఇంకా నవ్విస్తాడు. రంగు మీద, లావు మీద బతికే కామెడీ ట్రాకులు మన సినిమాల్లోనూ కొల్లలు. వాటికి ఇదే పరీక్ష పెడితే ఎన్ని నిలుస్తాయో చెప్పలేను.

2023లోనే వచ్చిన ఆయన జీవితచిత్రం గ్రామాదో చలనచిత్రోత్సవంలో ఉత్తమ చిత్రం అవార్డు అందుకుంది. సంతోషం. మార్కెట్ మాత్రం తాగుబోతునే ఎంచుకుంది. కొడుకు పెట్టిన బీరు బ్రాండు మీద తండ్రి మొహమే ఉంటుంది. వెబ్ డిజైనర్లు పేజీలు నింపుకునే అర్థంలేని నమూనా పాఠానికి కూడా ఆయన యాసే వాడేస్తున్నారు. ఒరిజినైస్ రికార్డులు నెట్‌లో దొరుకుతున్నాయి. 1969లో జార్జ్ బెన్ రాసిన పాటతో వాళ్లు చేసిన రికార్డు ముందు వినండి. గొంతుల సంగతి కాసేపు పక్కనపెట్టి, వెనక ఆ కరకర ఎక్కడెక్కడ పడుతోందో పట్టుకోండి. టీవీ క్లిప్పులు ఆ తర్వాత చూసుకోవచ్చు.