‘ఫోటో’ పక్కన ‘గ్రఫీ’ అతికిస్తే ఇంగ్లీషు వచ్చేసినట్టేనా?

నిన్న మా అమ్మాయి బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఫొనిక్స్ (అక్షరాల ధ్వనులను బట్టి ఇంగ్లీషు చదవడం నేర్పే పద్ధతి) టీచరుగారు ‘తెలుగు పిల్లలకు సిలబుల్ అంటే ఏమిటో తెలియదండీ, అంతా మాతృభాష ప్రభావం’ అని చిరునవ్వుతో సెలవిచ్చారు. సిలబుల్ అంటే మాటలో ఒక్క ఊపున పలికే ముక్క. ఆవిడ దిద్దిన నోటుపుస్తకంలోనే ‘ఫోటోగ్రఫీ’ని ‘ఫోటో’, ‘గ్రఫీ’ అని రెండు ముక్కలు చేసి ఉంటే, దాని పక్కన ఎర్ర సిరాతో ఇంత పొడుగు టిక్కు!

ఆ మాటకు సిలబుళ్లు నాలుగు. ఊనిక, అంటే నొక్కి పలకడం, రెండవదానిపై పడుతుంది కనుక ఇంగ్లీషువారి నోట అది ‘ఫ-టా-గ్ర-ఫీ’ అవుతుంది. ‘ఫోటోగ్రాఫ్’లో అదే ఊనిక మొదటికి, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడవదానికి మారుతుంది, ఎందుకంటే చివర ‘ఇక్’ చేరితే ఊనిక సాధారణంగా దానికి సరిగ్గా ముందున్న సిలబుల్‌కు వస్తుంది. ‘షన్’, ‘ఇటీ’ చేరినా అంతే. వెలుగు, రాత అనే గ్రీకు అర్థాలను బట్టి మాటను విడదీయడం వేరు, నోటితో పలికేటప్పుడు విడదీయడం వేరు. ‘హెలికాప్టర్’ను పుట్టుకను బట్టి విడదీస్తే ‘హెలికో’, ‘ప్టర్’ అని వస్తుంది. అలా పలికే మహానుభావుడు భూమ్మీద ఎవరైనా ఉన్నారా?

అసలు సిలబుల్ తెలియనిది ఎవరికండీ? ఉత్పలమాల పాదాన్ని భ-ర-న-భ-భ-ర-వ గణాలుగా విడదీసి, ఇరవై అక్షరాలకూ గురులఘువులు గుర్తించే పిల్లలకా? ఇంగ్లీషులో కూడా చాలా నామవాచకాల్లో ఊనిక ఈ బరువును చూసుకునే పడుతుంది: ‘ఎజెండా’లో చివరినుంచి రెండవదైన ‘జెన్’ గురువు కనుక ఊనిక అక్కడే నిలుస్తుంది, ‘సినిమా’లో ‘ని’ లఘువు కనుక వెనక్కి జరిగి ‘సి’ మీద పడుతుంది. ఛందస్సు చదివిన పిల్లకు ఈ సంగతి ఒక్క పీరియడ్‌లో చెప్పేయవచ్చు. కానీ చెప్పేదెవరు? ‘ఛందస్సుకు వచ్చేది రెండు మార్కులేగా, వదిలేయండి’ అని తెలుగు మాస్టారి చేత అనిపించింది కూడా ఈ బడే. అక్షరాన్ని తూచడం నేర్పే ఒక్క పాఠాన్నీ తామే ఎగరగొట్టి, పిల్లలకు అక్షరం బరువు తెలియడం లేదని ఇప్పుడు మన అమ్మభాష మీద నేరం మోపుతున్నారు.

ఆ మాతృభాష ప్రభావం వదిలించడానికి వేసవిలో ప్రత్యేక తరగతులు పెడతారట, ఫీజు ముందుగానే కట్టాలట. ‘కంఫర్టబుల్’ను ‘కంఫర్ట్’, ‘టేబుల్’ అని విడగొట్టడం అక్కడ నేర్పుతారు కాబోలు.